పేరు లేని కెప్టెన్

అవెంజర్స్ సినిమాలు చూడనివాళ్లు మన క్యాంపస్‌లో ఎంతమంది ఉంటారు? హాస్టల్లో ఫ్లోర్ ఫ్లోర్ తిరిగినా ఇద్దరో ముగ్గురో దొరుకుతారేమో. ఐరన్ మ్యాన్ గొప్పా, థోర్ గొప్పా అని మెస్‌లో కొట్లాడేవాళ్లే ఎక్కువ. ఆ సినిమాల వెనకున్న కామిక్స్ చదివినవాళ్లు మాత్రం తక్కువ. వేరే వేరే పుస్తకాల్లో విడివిడిగా బతుకుతున్న హీరోలందరినీ ఒకే కథలోకి తెచ్చి, ఒకే శత్రువు ముందు నిలబెట్టడాన్ని టీమ్-అప్ అంటారు. 1960లో డీసీ వాళ్లు జస్టిస్ లీగ్‌ని ఇట్లనే మొదలుపెట్టారు. 1963లో మార్వెల్ వాళ్లు అవెంజర్స్‌ని తెచ్చారు. మొదటి సంచికలో ఐరన్ మ్యాన్, థోర్, హల్క్, యాంట్ మ్యాన్, వాస్ప్ ఉన్నారు. మనం కెప్టెన్ అనుకునే కెప్టెన్ అమెరికా నాలుగో సంచికలో గానీ రాలేదు.

ఇవన్నీ నెట్‌లో చదువుతుంటే నాకొక డౌట్ వచ్చింది. ఆ రోజుల్లో మన తెలుగు పిల్లలు ఏం చదివేవాళ్లు? వాళ్లకు ఇట్లాంటి టీమ్ ఉండేదా? ఉండేది. అది కథల్లోనూ ఉండేది, కథలు తయారుచేసే ఆఫీసులోనూ ఉండేది. దాని పేరు చందమామ. ఆ రెండో టీమ్‌కి దాదాపు 28 ఏళ్లపాటు కెప్టెన్‌గా ఉన్న మనిషి పేరు కొడవటిగంటి కుటుంబరావు. తెలుగు చదివేవాళ్లు ఆయన్ని ముద్దుగా కొకు అంటారు. ఆయన జీవితం గురించి నాకు తెలిసినంత చెప్తాను.

కొకు 1909 అక్టోబర్ 28న గుంటూరు జిల్లా తెనాలిలో పుట్టారు. అయిదేళ్ల వయసులో తండ్రి పోయారు. పదకొండేళ్లకు తల్లి కూడా పోయింది. ఆ తర్వాత బంధువుల దగ్గర పెరిగారు. అన్న వెంకటసుబ్బయ్యకు సాహిత్యం పిచ్చి. ఆ పిచ్చి తమ్ముడికీ అంటుకుంది. హైస్కూల్ చదువు అయిపోకముందే, 1925లో పెళ్లి చేసేశారు. పదహారేళ్ల పిల్లాడికి పెళ్లేంటి అని మనకు అనిపిస్తుంది గానీ అప్పట్లో అది మామూలే. ఆ మామూలు సంగతుల్నే ఆయన తర్వాత జీవితమంతా తన కథల్లో ప్రశ్నించారు.

ఇక్కడ మన ఇంజినీరింగ్ వాళ్లకు నచ్చే విషయం ఒకటుంది. కొకు తెలుగు పండితుడు కాదు, సైన్స్ స్టూడెంట్. గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్మీడియట్, విజయనగరం మహారాజా కాలేజీలో ఫిజిక్స్‌తో బీఏ చేశారు. 1929లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ కోసం బెనారస్ హిందూ యూనివర్సిటీకి వెళ్లారు. అవి ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం మొదలైన రోజులు. ఎమ్మెస్సీ పూర్తికాకుండానే ఆయన చదువు ఆగిపోయింది. అంటే ఇవాళ్టి భాషలో చెప్పాలంటే డ్రాపవుట్. మనవాళ్లు డ్రాపవుట్ అనగానే స్టార్టప్ పెట్టి కోట్లు సంపాదించినవాళ్లనే గుర్తు చేసుకుంటారు. కొకుకు అట్లాంటిదేమీ జరగలేదు.

ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఆయన ఒక్క చోట నిలవలేదు. మద్రాసులో గుమాస్తా పని చేశారు. సిమ్లాలో కొంతకాలం ఉన్నారు. ఒరిస్సా జైపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా పనిచేశారు. బొంబాయిలో అడ్వర్టైజింగ్ కంపెనీలో ప్రకటనలు రాశారు. సినిమా వాళ్ల దగ్గరా పనిచేశారు. మధ్యలో 1939లో మొదటి భార్య చనిపోయింది. రెండో పెళ్లి చేసుకుంటే ఆమె కూడా జబ్బుతో తొందరగానే పోయింది. తర్వాత కొమ్మూరి వరూధిని గారిని పెళ్లి చేసుకున్నారు. వాళ్ల పిల్లల్లో రోహిణీప్రసాద్ గారు అణుశాస్త్రవేత్త అయ్యారు, సితార్ వాయించేవారు, తెలుగులో పాపులర్ సైన్స్ చాలా రాశారు. శాంతసుందరి గారు అనువాదకురాలిగా పేరు తెచ్చుకున్నారు. ఒక ఇంట్లో ఫిజిక్స్, సంగీతం, సాహిత్యం మూడూ కలిసి ఉండటం నాకైతే అసూయ పుట్టించింది.

ఈ తిరుగుడు మొత్తంలో ఆయన ఆపని పని ఒక్కటే, రాయడం. కథలు, నవలలు, నాటికలు, వ్యాసాలు. సైన్స్ మీద, చరిత్ర మీద, సినిమా మీద, హిందుస్తానీ సంగీతం మీద కూడా రాశారు. మధ్యతరగతి ఇళ్లలో డబ్బు ఎట్లా మాట్లాడుతుందో, ఆడవాళ్ల జీవితాలు ఎట్లా గడుస్తాయో అలంకారాలు లేకుండా చూపించారు. చదువు అనే నవల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సుందరం అనే పిల్లాడు అక్షరాభ్యాసం నుంచి కాలేజీ దాకా పోవడమే కథ. ఆ చదువు అతనికి ఏమిచ్చింది అన్నదే ప్రశ్న. క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ సీజన్లో చదివితే కొంచెం గుచ్చుకుంటుంది, ముందే చెప్తున్నా.

1952లో కొకు చందమామలో చేరారు. చందమామ అప్పటికి అయిదేళ్ల పత్రిక. 1947 జూలైలో మద్రాసులో బి.నాగిరెడ్డి, చక్రపాణి కలిసి తెలుగులోనూ తమిళంలోనూ మొదలుపెట్టారు. వీళ్లిద్దరే తర్వాత పాతాళభైరవి, మాయాబజార్ సినిమాలు తీసిన విజయా వాళ్లు. చక్రపాణిది కూడా తెనాలే. పత్రిక తర్వాత్తర్వాత హిందీ, కన్నడం, మరాఠీ ఇట్లా డజను భాషల దాకా పోయింది. తెలుగులో తయారైన కథలే మిగతా భాషల్లోకి వెళ్లేవి. అంటే బీహార్‌లో ఒక పిల్లాడు, కేరళలో ఒక పాప, మన దగ్గర ఒక పిల్లాడు ఒకే నెలలో ఒకే కథ చదివేవాళ్లన్నమాట. ఇంటర్నెట్ లేని రోజుల్లో!

ఆ కథల వెనక కొకు చేసిన పని ఏంటంటే, తిరగరాయడం. పాఠకులు పంపే కథలు, పురాణాల్లోవి, జాతక కథలు, అరేబియా కథలు, గ్రీకు కథలు, ఏదైనా సరే ఆయన చేతి మీదుగా పోతే చందమామ కథగా బయటికొచ్చేది. మన భాషలో చెప్తే, వంద మంది వంద రకాలుగా రాసిన కోడ్‌ని ఒక్కడు కూర్చుని రీఫ్యాక్టర్ చేసినట్టు. పొడుగు వాక్యాలు చిన్నవయ్యేవి. వర్ణనలు తగ్గేవి. ఎవరు ఏం చేశారు, ఎందుకు చేశారు, దానివల్ల ఏమైంది అన్నది మాత్రం స్పష్టంగా ఉండేది. రాక్షసుడు వచ్చినా సరే, వాడు రావడానికి ఒక కారణం ఉండాలి. ఫిజిక్స్ చదివినాయన కదా, మంత్రాలకు కూడా కార్యకారణ సంబంధం పెట్టారు అని నేను అనుకుంటాను.

బేతాళ కథలే చూడండి. పాత సంస్కృత కథల్లో ఉన్నవి ఇరవై అయిదే. చందమామలో మాత్రం అవి నెల నెలా దశాబ్దాలపాటు వచ్చాయి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుంటాడు, శవంలోని బేతాళుడు కథ చెప్పి చివర్లో ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం పోయి బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే బ్రేక్ లేని వైల్ లూప్. కానీ ప్రతి లూప్‌లో చదివే పిల్లాడు ఒక న్యాయం గురించి ఆలోచించాల్సిందే. రాజు జవాబు చెప్పేలోపు మనం మన జవాబు రెడీ చేసుకుంటాం. చాలాసార్లు రాజుదే కరెక్ట్ అవుతుంది. ఒక్కోసారి మనదే కరెక్ట్ అనిపిస్తుంది, అప్పుడు భలే ఉంటుంది.

ఇప్పుడు అసలు టీమ్-అప్ సంగతికి వస్తాను. చందమామలో రంగుల బొమ్మలతో సీరియల్స్ వచ్చేవి. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం... వీటిని రాసింది కొకుతో పాటు ఆఫీసులో పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు. బొమ్మలు వేసింది చిత్రా గారు. ఈ సీరియల్స్‌లో హీరోలు చాలావరకు జంటగా ఉంటారు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు. ఖడ్గవర్మ పేరులోనే ఖడ్గం ఉంది, జీవదత్తుడు బుద్ధిబలం మనిషి. ఒకడి దగ్గర లేనిది ఇంకొకడి దగ్గర ఉంటుంది. దారిలో కలిసేవాళ్లు కొందరు స్నేహితులవుతారు, కొందరు మోసం చేస్తారు. అడవులు, గండభేరుండాలు, మాంత్రికులు. నెలాఖరుకి హీరో ఏదో ఒక ప్రమాదం అంచున ఉంటాడు, మళ్లీ నెల దాకా ఆగాలి. మార్వెల్ వాళ్లు సినిమా అయ్యాక పోస్ట్ క్రెడిట్ సీన్ పెట్టి మనల్ని రెండేళ్లు కూర్చోబెడతారు చూడండి, అదే టెక్నిక్.

కొకు కాలంలోనే గ్రీకు వీరుల కథలు కూడా చందమామలో సీరియల్స్‌గా వచ్చాయి. హెలెన్ కోసం జరిగిన ట్రాయ్ యుద్ధం భువనసుందరి అయింది. ఒడిస్సీ రూపధరుడి యాత్రలు అయింది. ఆలోచిస్తే ప్రపంచంలో పాత టీమ్-అప్‌లలో ట్రాయ్ యుద్ధం ఒకటి. ఒక్కో రాజ్యం నుంచి ఒక్కో వీరుడు, ఎవరి కథ వాళ్లకున్నవాడే, అందరూ ఒకే ఓడల గుంపులో బయల్దేరతారు. టీమ్‌లోకి రానని మొండికేసేవాడు కూడా ఉంటాడు. గ్రీకు గాథల ప్రకారం ఒడిస్సియస్ యుద్ధం తప్పించుకోవడానికి పిచ్చి నటించి పొలంలో ఉప్పు విత్తుతాడు. పిలవడానికి వచ్చినవాళ్లు పసివాడైన అతని కొడుకుని నాగలి ముందు పెడతారు. నాగలి పక్కకు తిప్పగానే నాటకం బయటపడుతుంది. నిక్ ఫ్యూరీ వచ్చి ఒక్కొక్కరినీ టీమ్‌లోకి పిలవడం కన్నా ఇది నాకు ఎక్కువ నచ్చింది. ఆ వీరులకు తెలుగు పేర్లు పెట్టేసరికి వాళ్లు మన ఊరి పక్కవాళ్లలాగే అయిపోయారు.

ఇదంతా నాకు ఎట్లా తెలుసంటే, మా తాత వల్ల. మాది పెద్దపల్లి. తాత గోదావరిఖనిలో సింగరేణి బాయిల కోల్ ఫిల్లర్‌గా చేసి దిగిపోయిండు. జీతం పడ్డ నెలల్లో కొన్న చందమామలు బైండ్ చేయించి ట్రంకు పెట్టెలో దాచిపెట్టుకున్నడు. నేను చదివింది ఇంగ్లిష్ మీడియం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్, అది మార్కుల కోసమే. మా స్కూల్లో తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసేవాళ్లు కూడా. తాతకు కంటిచూపు తగ్గినంక ఆ పుస్తకాలు చదివి వినిపించమని నన్ను కూర్చోబెట్టేటోడు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఒత్తులు కూడబలుక్కుంటూ, వేలు పెట్టి చదివేవాణ్ని. పేపర్‌లో ఎడిటోరియల్ అయితే మూడో లైన్‌కే వదిలేసేవాణ్ని. చందమామ మాత్రం పేజీ దాటించింది. వాక్యం చిన్నగా ఉంటుంది, అయిపోయేలోపు అర్థం అందుతుంది, అర్థం అందగానే తర్వాత ఏమైందో కావాలి. ఆ వాక్యాలు అంత తేలిగ్గా ఉండటం వెనక ఒక మనిషి ముప్పై ఏళ్ల కష్టం ఉందని అప్పుడు నాకు తెలియదు. ఇవాళ నేను ఈ వ్యాసం తెలుగులో రాయగలుగుతున్నానంటే దానికి కారణం ఆ వాక్యాలే.

ఇంకో విషయం తెలిశాక నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. పెట్టెలో ఉన్న సంచికల్లో కొకు పేరు కోసం వెతికాను. సంపాదకుడిగా చక్రపాణి పేరే ఉంది. దాసరి గారి సీరియల్స్ మీద కూడా ఆయన పేరు లేదు. అమెరికాలో అవెంజర్స్‌కి బొమ్మలు గీసిన జాక్ కిర్బీ, తనకు దక్కాల్సిన క్రెడిట్ కోసం, తన ఒరిజినల్ బొమ్మల కోసం మార్వెల్‌తో ఏళ్ల తరబడి పోట్లాడాల్సి వచ్చింది. కనీసం ఆయన పేరు సంచికల్లో ప్రింట్ అయ్యేది. మన టీమ్‌కి అది కూడా లేదు. ఇన్ని భాషల్లో, ఇన్ని లక్షల మంది పిల్లలు చదివిన మాటలు ఎవరివో ఆ పిల్లలకు తెలియదు.

ఇది తాతకు చెప్తే ఆయనకు పెద్ద వింతగా అనిపించలేదు. బాయిలో కూడా అంతే అన్నట్టు మాట్లాడిండు. లోపల కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే టింబర్‌మన్ ఉంటడు, మందు పేల్చే షాట్‌ఫైరర్ ఉంటడు, బొగ్గు ఎత్తే ఫిల్లర్ ఉంటడు, టబ్బులు నడిపే ట్రామర్ ఉంటడు. ఒక్కడు సరిగ్గా చెయ్యకపోతే అందరి ప్రాణం పోతది. పైకొచ్చిన బొగ్గు మీద మాత్రం ఎవ్వరి పేరూ ఉండదు, రామగుండంలో అది కరెంటై ఎవరింట్లో బల్బు వెలిగిస్తదో ఎవ్వనికీ తెలవదు. తాత దృష్టిలో టీమ్ అంటే అదే. నాకు మాత్రం ఇప్పటికీ సగమే ఒప్పుదల. పని అందరిదీ అయినంత మాత్రాన పేర్లు చెప్పకూడదని ఏం లేదు కదా. అందుకే మిగతావాళ్ల పేర్లు కూడా ఇక్కడ రాస్తున్నా. బేతాళ కథల బొమ్మలతో మనందరికీ గుర్తుండిపోయిన శంకర్ (కె.సి.శివశంకరన్), ముఖచిత్రాలకు పేరు పడ్డ వడ్డాది పాపయ్య, మహాభారతం బొమ్మలకు పేరు తెచ్చుకున్న ఎం.టి.వి.ఆచార్య. వీళ్లందరి పని నెల నెలా టైమ్‌కి ఒక్క పుస్తకంగా కలపాలి. అందుకే కొకుని కెప్టెన్ అన్నాను.

ఒక ప్రశ్న మాత్రం వదలకుండా చెప్పాలి. కొకు మార్క్సిస్టు. 1970లో విరసం ఏర్పడినప్పుడు అందులో ఉన్నారు. దేవుడి మీద, రాజుల మీద, ఆస్తి మీద ఆయన అభిప్రాయాలు అందరికీ తెలిసినవే. అట్లాంటాయన పగలంతా రాజులు, రాకుమార్తెలు, యక్షులు, దయ్యాల కథలు రాయడం ఏంటి? ఇది ఆయన బతికున్నప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. ఉద్యోగం కోసం అని సులువుగా చెప్పేయొచ్చు. కానీ ఉద్యోగం కోసం మాత్రమే చేసే పని ఇట్లా ఉండదు అని నాకనిపిస్తుంది. చందమామ కథల్లో రాజు కూడా తప్పు చేస్తే బుద్ధి తెచ్చుకోవాలి. తెలివైన కట్టెలు కొట్టేవాడు మంత్రిని ఓడిస్తాడు. అత్యాశకు పోయిన షావుకారు నష్టపోతాడు. పిల్లలకు ఉపన్యాసం ఇవ్వకుండానే, ఎందుకు అని అడగడం అలవాటు చేశారు. పెద్దవాళ్ల కోసం రాసిన కథల్లోనూ ఆయన చేసింది అదే.

లోపాలు లేవని కాదు. ఈ సీరియల్స్‌లో సాహసం చేసేది దాదాపు ఎప్పుడూ మగవాళ్లే. అమ్మాయి ఎక్కువగా ఎత్తుకుపోబడటానికో, చివర్లో పెళ్లికో ఉంటుంది. మా అక్క ఒక సీరియల్ సగం చదివి ఇదే మాట అని పుస్తకం పక్కన పడేసింది. తన మాట నిజమే. అప్పటి అవెంజర్స్‌లో కూడా మొదట ఉన్న అమ్మాయి వాస్ప్ ఒక్కతే. కొకు తన సొంత నవలల్లో ఆడవాళ్ల గురించి అంత బాగా రాసి, ఇక్కడ ఆ మార్పు పూర్తిగా తేలేకపోవడం నాకు వెలితిగానే అనిపిస్తుంది. ఇవాళ ఎవరైనా మళ్లీ ఆ సీరియల్స్‌లాంటివి తెలుగులో రాస్తే, సరిచేయాల్సిన మొదటి విషయం అదే.

1975లో చక్రపాణి పోయారు. కొకు మాత్రం ఆఖరి దాకా పని చేస్తూనే ఉన్నారు. 1980 ఆగస్టు 17న, డెబ్బై ఏళ్ల వయసులో, చందమామ ఉద్యోగంలో ఉండగానే చనిపోయారు. ఆయన తర్వాత కూడా పత్రిక చాలా ఏళ్లు నడిచింది. చేతులు మారింది, రూపం మారింది, చివరికి 2013 నాటికి ఆగిపోయింది. నేను చదవడం మొదలుపెట్టేనాటికి కొత్త చందమామ అన్నది లేనే లేదు. అంటే నేను అభిమానించే టీమ్ నేను పుట్టకముందే చెదిరిపోయింది. అయినా ఆ పుస్తకాలు పాతబడ్డట్టు నాకు అనిపించలేదు.

మీలో తెలుగు చదవడం కష్టం అనుకునేవాళ్లు ఉంటే, నాలాగే చదువుకున్నవాళ్లు చాలామందే ఉంటారు, పాత చందమామ ఒకటి తీసుకుని యక్షపర్వతంతో మొదలుపెట్టండి. ఒక భాగం చదవడానికి చాయ్ తాగినంత టైమ్ చాలు. అది అలవాటయ్యాక చదువు నవలకు రండి. అప్పుడు పిల్లల కథలు తిరగరాసిన చెయ్యి, పెద్దల కథ రాసిన చెయ్యి ఒకటేనని మీకే తెలుస్తుంది.

చివరగా ఒక్క మాట. మన ఈ-మ్యాగజైన్ ఆఖరి పేజీలో టైపింగ్ చేసినవాళ్లు, ప్రూఫ్ చూసినవాళ్లు, కవర్ డిజైన్ చేసినవాళ్ల పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఈసారి ఆ పేజీ కూడా చదవండి.